ఐక్యూ పరీక్ష ఎవరి సొత్తు? సైకలాజికల్ కార్పొరేషన్ వందేళ్ల ప్రయాణం

సంక్షిప్తంగా: పిల్లల ఐక్యూ, జ్ఞాపకశక్తి, ఎదుగుదల కొలవడానికి ఎక్కువ దేశాల్లో వాడే పేరున్న పరీక్షల్లో చాలా భాగం ఇవాళ పియర్సన్ సంస్థ చేతిలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి 1921లో న్యూయార్క్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తలు తామే వాటాలు వేసుకుని పెట్టిన సైకలాజికల్ కార్పొరేషన్ నుంచి వచ్చాయి. పరీక్షలో ప్రశ్నల కంటే వాటి వెనక ఉండే నార్మ్స్, అంటే పోల్చి చూసే మార్కుల పట్టికలు, ఖరీదైనవి. అవి పాతబడతాయి, మళ్లీ తయారు చేయాలంటే పెద్ద పెట్టుబడి కావాలి. మన దగ్గర దశాబ్దాల నాటి పరీక్షలు ఇంకా వాడుకలో ఉండటానికి అదే ప్రధాన కారణం.

సదరం సర్టిఫికెట్ కోసం పిల్లలను తిప్పే తల్లిదండ్రులకు ఒక అనుమానం తరచూ వస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో చేసిన పరీక్షలో ఒక సంఖ్య, ప్రైవేటు క్లినిక్‌లో చేసిన పరీక్షలో ఇంకో సంఖ్య ఎందుకు వచ్చాయి? ఫోన్లో పది నిమిషాల్లో ఐక్యూ ఉచితంగా చెప్పే సైట్లు ఉండగా, గంటకు పైగా కూర్చోబెట్టి చేసే పరీక్షకు అంత ఫీజు ఎందుకు? ఆ ప్రశ్నల పెట్టెను సైకాలజిస్టు ఎవరికీ చూపించకుండా ఎందుకు దాస్తారు?

ఈ మూడింటికీ జవాబు పరీక్షలు అచ్చువేసే వ్యాపారం ఎలా పుట్టి, ఎలా పెరిగిందన్న దాంట్లో ఉంది. ఆ వ్యాపారానికి మొదటి పెద్ద పేరు సైకలాజికల్ కార్పొరేషన్.

ఉద్యోగం పోయిన ప్రొఫెసర్ ఆలోచన

జేమ్స్ మెకీన్ కాటెల్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు. ‘మెంటల్ టెస్ట్’ అనే మాటను 1890లో వాడుకలోకి తెచ్చింది ఆయనే. మొదటి ప్రపంచ యుద్ధంలో, నిర్బంధంగా సైన్యంలో చేర్చుకున్న వాళ్లను ఐరోపా యుద్ధభూమికి పంపవద్దని అమెరికా చట్టసభ కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు రాశారు. 1917లో విశ్వవిద్యాలయం ఆయన్ను తొలగించింది.

అదే యుద్ధం మానసిక పరీక్షలకు ఊహించనంత ప్రచారం తెచ్చింది. అమెరికా సైన్యం ఆల్ఫా, బీటా అనే పరీక్షలను దాదాపు 17 లక్షల మందికి పెట్టింది. యుద్ధం ముగిశాక ఫ్యాక్టరీలు, దుకాణాలు, బడులు తమకూ ఇలాంటివి కావాలన్నాయి. ఆ గిరాకీని చూసి, ముఖం చూసి స్వభావం చెబుతామనేవాళ్లు కూడా సైకాలజిస్టులమని బోర్డులు పెట్టుకున్నారు. ఈ రంగం మంచి చేతుల్లో ఉండాలంటే అసలు శాస్త్రవేత్తలే ఒక సంస్థగా ఏర్పడాలని కాటెల్ అనుకున్నారు. ఎడ్వర్డ్ థోర్న్‌డైక్, రాబర్ట్ వుడ్‌వర్త్ ఆయనతో కలిశారు. అలా 1921లో కంపెనీ మొదలైంది. వాటాదారులు మనస్తత్వ శాస్త్రవేత్తలే. వచ్చిన లాభం పరిశోధనకు పోవాలన్నది సంకల్పం.

సంకల్పం మంచిదే కానీ తొలి ఏళ్లలో ఆదాయం దాదాపు లేదు. అప్పటికి కంపెనీకి అమ్మడానికి సొంత సరుకంటూ లేకపోవడమే దానికి కారణం. ఎక్కడో ఒక కంపెనీకి సలహా కావాలంటే దగ్గర్లోని ప్రొఫెసర్‌కు ఆ పని అప్పగించి, ఫీజులో వాటా తీసుకోవాలన్నది పద్ధతి. పని చేసేది ప్రొఫెసర్ అయినప్పుడు మధ్యలో కంపెనీ అవసరం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. 1926లో కాటెల్ స్థానంలో వాల్టర్ బింగ్‌హామ్ అధ్యక్షుడయ్యారు. 1930లలో వినియోగదారుల అభిప్రాయ సర్వేలతో కొంత నిలదొక్కుకుంది. పరీక్షలను అచ్చువేసి, పెట్టెల్లో సర్ది అమ్మడం మొదలుపెట్టాకే కంపెనీకి స్థిరమైన ఆదాయం వచ్చింది. సలహా ఒకసారి అమ్ముడుపోతుంది. పరీక్ష అయితే, పిల్లవాడు మారిన ప్రతిసారీ కొత్త జవాబు పత్రం కొనాల్సిందే.

వెక్స్లర్ మార్చిన లెక్క

డేవిడ్ వెక్స్లర్ రుమేనియాలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో న్యూయార్క్ చేరినవారు. యుద్ధకాలంలో టెక్సస్‌లోని సైనిక శిబిరంలో పరీక్షలు పెడుతుండగా ఒక విషయం గమనించారు. ఊళ్లో సొంతంగా పని చేసుకుని ఇల్లు నడుపుకున్న మనుషులు కాగితం మీద మాత్రం బుద్ధి తక్కువవాళ్లుగా తేలుతున్నారు. ఆ వైరుధ్యం ఆయన జీవితకాలపు పనికి మూలమైంది. 1920ల మధ్యలో కొంతకాలం సైకలాజికల్ కార్పొరేషన్‌లో పనిచేసి, తర్వాత న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో ముఖ్య సైకాలజిస్టు అయ్యారు. అక్కడ తయారైన వెక్స్లర్–బెల్‌వ్యూ పరీక్ష 1939లో వచ్చింది.

అంతకుముందు ఐక్యూ అంటే టెట్, డీఎస్సీలకు చదివేవాళ్లందరికీ కంఠతా వచ్చే సూత్రం: మానసిక వయసును శారీరక వయసుతో భాగించి 100తో హెచ్చించడం. పదేళ్ల పిల్లవాడు ఎనిమిదేళ్లవాడిలా జవాబులు చెబితే ప్రజ్ఞాలబ్ధి 80. పిల్లల విషయంలో ఇది కొంతవరకు పనిచేస్తుంది. నలభై ఏళ్ల మనిషి విషయంలో అర్థం లేకుండా పోతుంది, ఎందుకంటే మానసిక వయసు అలా ఏటా పెరుగుతూ పోదు.

వెక్స్లర్ భాగహారాన్ని పక్కన పెట్టారు. ఒక మనిషి తన వయసువాళ్ల గుంపులో ఎక్కడ నిలబడ్డాడో చూడాలన్నారు. గుంపు సగటును 100గా పెట్టి, ఎగుడుదిగుళ్ల కొలతను (ప్రామాణిక విచలనం) 15 పాయింట్లుగా తీసుకున్నారు. అప్పుడు 85 నుంచి 115 లోపు దాదాపు 68 శాతం మంది వస్తారు. 70 కంటే దిగువన వచ్చేవాళ్లు నూటికి ఇద్దరికి కాస్త ఎక్కువ. ఇవాళ రిపోర్టుల్లో కనిపించే 70 అనే గీత ఈ లెక్క నుంచి వచ్చిందే.

పిల్లల పరీక్ష విస్క్ 1949లో, పెద్దల పరీక్ష వైస్ 1955లో, బడికి వెళ్లని చిన్నారుల పరీక్ష విప్సీ 1967లో వచ్చాయి. వీటన్నిటి ప్రచురణకర్త సైకలాజికల్ కార్పొరేషన్. బిడ్డల ఎదుగుదల చూసే బేలీ స్కేల్స్ 1969లో అదే కంపెనీ నుంచి వెలువడ్డాయి. వెక్స్లర్ 1981లో చనిపోయినా ఆయన పేరుతో కొత్త ఎడిషన్లు ఆగలేదు. విస్క్ అయిదో ఎడిషన్ 2014లో, వైస్ అయిదో ఎడిషన్ 2024లో వచ్చాయి.

అసలు సరుకు నార్మ్స్

భాగహారం పోయి పోలిక వచ్చాక పరీక్షల వ్యాపారం తీరే మారిపోయింది. పోల్చాలంటే ముందు గుంపు ఉండాలి. ఆ గుంపు నుంచి సేకరించిన మార్కుల పట్టికలే నార్మ్స్. పిల్లవాడు ఇన్ని ప్రశ్నలకు సరిగ్గా చెప్పాడన్న దానికి విలువ లేదు. అదే వయసు పిల్లల్లో అది ఎక్కువా తక్కువా అన్నది తెలిస్తేనే ఆ సంఖ్యకు అర్థం.

విస్క్ అమెరికన్ నార్మ్స్ 2,200 మంది పిల్లల మీద తయారవుతాయి. ఒక్కో వయసుకు 200 మంది చొప్పున 11 వయసులు. వాళ్లను ఇష్టం వచ్చినట్టు ఏరుకోకూడదు. ప్రాంతం, తల్లిదండ్రుల చదువు, జాతి వంటివి జనాభా లెక్కల నిష్పత్తికి సరిపోవాలి. ఒక్కో పిల్లవాడి ముందు శిక్షణ పొందిన మనిషి ఒకరు గంట, అంతకు మించి కూర్చోవాలి. బడిలో అందరికీ ఒకేసారి పేపరు పంచిపెట్టి చేసే పని కాదిది. పైగా పనికిరాని ప్రశ్నలను ఏరివేయడానికి దీనికంటే ముందే ప్రయోగ దఫాలు జరుగుతాయి.

ఇంత చేసి తయారుచేసిన పట్టిక శాశ్వతం కాదు. న్యూజిలాండ్ పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ 1984లో అమెరికా లెక్కలు తీసి చూపించారు: తరాలు మారేకొద్దీ జనం మార్కులు పదేళ్లకు సుమారు 3 పాయింట్ల చొప్పున పెరుగుతున్నాయి. చదువు, పోషణ, చుట్టూ బొమ్మలు, గుర్తులతో నిండిన జీవితం వంటి కారణాల మీద చర్చ నడుస్తూనే ఉంది. ఆచరణలో దాని ఫలితం మాత్రం స్పష్టం. పాతికేళ్ల నాటి నార్మ్స్‌తో పోలిస్తే నేటి పిల్లవాడికి ఏడెనిమిది పాయింట్లు ఎక్కువగా కనిపిస్తాయి. 68 రావాల్సినవాడికి 75 వస్తుంది. ప్రత్యేక సాయం అందాల్సిన పిల్లవాడు గీత దాటిపోతాడు. అమెరికాలో విస్క్ పాత ఎడిషన్ నుంచి కొత్తదానికి మారినప్పుడు 70 కంటే దిగువన పడే పిల్లల సంఖ్య పెరిగిందని పరిశోధకులు నమోదు చేశారు. పిల్లలు మారలేదు, వాళ్లను పోల్చిన గుంపు మారింది.

అందుకే ఈ వ్యాపారంలో పది, పన్నెండేళ్లకోసారి పెద్ద మొత్తం మళ్లీ పెట్టుబడి పెట్టాలి. ఆ డబ్బు కిట్ల ద్వారా, జవాబు పత్రాల ద్వారా తిరిగి రావాలి. అమెరికాలో విస్క్ పూర్తి కిట్ 1,000 డాలర్లు దాటుతుంది. ఆ తర్వాత పిల్లవాడికొకటి చొప్పున రికార్డు ఫారాలు కొంటూనే ఉండాలి. వాటర్ ప్యూరిఫయర్ కొన్నాక దాని క్యాండిళ్లు మార్చుకుంటూ పోయినట్టే. ఇప్పుడు ఆ ఫారాల స్థానంలో ఆన్‌లైన్ స్కోరింగ్ చందాలు, ట్యాబ్‌లో నడిచే పరీక్షలు వస్తున్నాయి. ఫోన్లో ఉచితంగా ఐక్యూ చెప్పే సైట్‌కు ఇలా జాగ్రత్తగా ఎంచిన గుంపు ఉండదు. అది చెప్పే సంఖ్యకు పోలిక లేదు కాబట్టి విలువా లేదు.

చట్టాలు పెంచిన గిరాకీ, కోర్టులు పెట్టిన హద్దు

1975లో అమెరికా వైకల్యమున్న పిల్లలందరికీ ఉచిత విద్య హక్కుగా ఇస్తూ చట్టం చేసింది. ప్రతి పిల్లవాడినీ విడిగా అంచనా వేయాలి, కనీసం మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి, ఒక్క పరీక్షనే ఆధారం చేసుకోకూడదు అన్నవి అందులోని నియమాలు. పిల్లలకు ఇది పెద్ద మేలు. పరీక్షలు అచ్చువేసేవాళ్లకు ఎప్పటికీ తరగని గిరాకీ. ఒక్క పరీక్ష చాలదన్నారు కనుక, ప్రవర్తనకు ఒకటి, భాషకు ఒకటి, జ్ఞాపకశక్తికి ఒకటి చొప్పున సైకాలజిస్టు అల్మారా నిండింది.

అదే దశాబ్దంలో కోర్టులు ఈ పరీక్షల వాడకాన్ని గట్టిగా ప్రశ్నించాయి. డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ ఉద్యోగాల్లో పైకి రావాలంటే రెండు పరీక్షలు పాసవ్వాలని షరతు పెట్టింది. వాటిలో ఒకటి సైకలాజికల్ కార్పొరేషన్ ప్రచురించిన బెన్నెట్ యాంత్రిక అవగాహన పరీక్ష. ఆ షరతు నల్లజాతి కార్మికులను అడ్డుకుంటోందని కేసు వేశారు. చేసే పనితో సంబంధం రుజువు కాని పరీక్షను ఇలా వాడకూడదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లలను ఐక్యూ ఆధారంగా ప్రత్యేక తరగతుల్లోకి తోసేస్తున్నారన్న లారీ పి. కేసులో 1979లో తీర్పు వచ్చింది. ఆ పిల్లలను అలా చేర్చడానికి ఐక్యూ పరీక్షలు వాడవద్దని ఫెడరల్ కోర్టు ఆదేశించింది. ఆ వాదనకు బలం ఎక్కడ ఉందో నార్మ్స్ చరిత్రే చెబుతుంది. 1949 నాటి విస్క్ నార్మ్స్‌కు తీసుకున్న 2,200 మందీ తెల్లజాతి పిల్లలే. ఇతరులను జనాభా నిష్పత్తి ప్రకారం చేర్చింది 1974 ఎడిషన్‌లో. పాతికేళ్లపాటు లక్షల మంది పిల్లలను, తమను లెక్కలోకే తీసుకోని గుంపుతో పోల్చి తీర్పు చెప్పారు. ఈ రంగం చరిత్రలో అతి పెద్ద తప్పుల్లో ఇదొకటి.

మేధో వైకల్యమున్న ఖైదీలకు మరణశిక్ష వేయకూడదని 2002లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక, నార్మ్స్ ఏ ఏడాదివి అన్నది కోర్టుల్లో ప్రాణం నిలిపే వాదనగా మారింది.

చేతులు మారిన కంపెనీ

సైకలాజికల్ కార్పొరేషన్ 1970లో హార్కోర్ట్ ప్రచురణ సంస్థలో కలిసింది. హార్కోర్ట్‌కు పరీక్షల వ్యాపారం అప్పటికే తెలుసు. 1960లో అది వరల్డ్ బుక్ కంపెనీతో విలీనమైంది. ఆ కంపెనీ 1905లో ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో మొదలై, తర్వాత న్యూయార్క్ రాష్ట్రానికి మారి, బడుల్లో వాడే స్టాన్‌ఫర్డ్ అచీవ్‌మెంట్ పరీక్షను 1923 నుంచి అచ్చువేసింది. ఇలా బడి పరీక్షలూ, క్లినిక్ పరీక్షలూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1980లలో పరీక్షల విభాగం టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకు తరలింది. 2001లో హార్కోర్ట్‌ను రీడ్ ఎల్సెవియర్ కొన్నది.

మరోపక్క బ్రిటన్‌కు చెందిన పియర్సన్ 2000లో జవాబు పత్రాలను మెషిన్లతో దిద్దే నేషనల్ కంప్యూటర్ సిస్టమ్స్‌నూ, 2005లో వైన్‌ల్యాండ్ ప్రవర్తనా పరీక్షల ప్రచురణకర్త ఏజీఎస్‌నూ కొనుగోలు చేసింది. 2007లో హార్కోర్ట్ పరీక్షల విభాగాన్నీ, దాని అంతర్జాతీయ విద్యా వ్యాపారాన్నీ కలిపి 95 కోట్ల డాలర్లకు బేరం కుదుర్చుకుంది. ఇలా కలిస్తే కొన్ని రకాల క్లినికల్ పరీక్షల్లో పోటీ లేకుండా పోతుందని అమెరికా న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది. కొన్ని పరీక్షలను వేరేవాళ్లకు అమ్మేయాలన్న షరతు మీద 2008లో ఒప్పందం పూర్తయింది. నిత్యజీవిత నైపుణ్యాలు చూసే ఏబాస్ పరీక్ష అప్పటి నుంచి వేరే ప్రచురణకర్త దగ్గర ఉంది. బొమ్మల నమూనాలో తప్పిన ముక్కను గుర్తించమనే, మన దేశంలో బాగా తెలిసిన రేవెన్స్ మాట్రిసెస్ కూడా ఇప్పుడు పియర్సన్‌వే.

దీన్ని శాస్త్రవేత్తల కలను వ్యాపారులు మింగేశారని చెప్పడం తేలిక. కానీ ప్రతి దశాబ్దానికీ వేల మంది పిల్లల దగ్గరికి మనుషులను పంపగలిగే స్తోమత ప్రొఫెసర్ల వాటాలతో నడిచే కంపెనీకి ఉండటం కష్టం. వేరే దారులు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో ఏసీఈఆర్ 1930 నుంచీ, అమెరికాలో ఈటీఎస్ 1947 నుంచీ లాభాపేక్ష లేకుండానే పరీక్షలు తయారు చేస్తున్నాయి. అయితే వాటి ప్రధాన రంగం బడి, కాలేజీ పరీక్షలు. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి చేసే క్లినికల్ పరీక్షలు మాత్రం ఎక్కువగా కంపెనీల చేతుల్లోనే నిలిచాయి.

తాళం వేసిన పెట్టె

ప్రశ్నలు బయటికి పొక్కితే కోచింగ్ మొదలవుతుంది, నార్మ్స్ పనికిరాకుండా పోతాయి. కాబట్టి రహస్యం అవసరం. ప్రచురణకర్తలు కొనేవాళ్ల అర్హతలను స్థాయిలుగా విభజించి, వెక్స్లర్ పరీక్షల వంటివాటిని శిక్షణ ఉన్నవాళ్లకే అమ్ముతారు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. శాస్త్రం కోరే గోప్యతా, వ్యాపారం కోరే కాపీరైటూ ఇక్కడ ఒకే తాళంగా కనిపిస్తాయి, కానీ రెండూ వేరు. సిరామరకలు చూపించి ఏం కనిపిస్తోందో అడిగే రోర్షాక్ పరీక్ష చిత్రాలు పదింటినీ 2009లో వికీపీడియా పెట్టినప్పుడు ఈ తేడా బయటపడింది. 1921 నాటి ఆ చిత్రాలకు కాపీరైట్ గడువు చాలా దేశాల్లో తీరిపోయింది. సైకాలజిస్టులు ఎంత అభ్యంతరం చెప్పినా చట్టం అడ్డురాలేదు.

నాగపూర్ నుంచి సికింద్రాబాద్ దాకా

భారతదేశంలో ఎక్కువగా వాడే పరీక్షలు ఇదే చెట్టు కొమ్మలు. వి.వి. కామత్ 1934లో స్టాన్‌ఫర్డ్–బినే అనే పాత అమెరికన్ ఐక్యూ పరీక్షను మరాఠీ, కన్నడ పిల్లలకు అనువుగా మార్చారు. అదే బినే–కామత్ పరీక్ష. నాగపూర్‌లో ఆర్థర్ మలిన్ 1949 నాటి విస్క్ ఆధారంగా తయారుచేసిన పరీక్ష మిసిక్. అమెరికాలోని వైన్‌ల్యాండ్ శిక్షణాలయంలో ఎడ్గర్ డాల్ 1935లో రూపొందించిన సామాజిక పరిపక్వతా స్కేలుకు భారతీయ రూపమిచ్చిందీ మలినే. మన జిల్లా ఆసుపత్రుల్లో వీఎస్ఎంఎస్ అని పిలిచేది దీన్నే.

వీటి ప్రభావం నేరుగా ఇంటి ఖర్చు మీద పడుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం తేలాలి. 2024 సవరణకు ముందున్న 2018 కేంద్ర మార్గదర్శకాల్లో వీఎస్ఎంఎస్ స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం, 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతం. అంటే ఆ లెక్కన 69కి, 70కి మధ్య ఉన్న ఒక్క పాయింటు, పింఛను (2024లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు) వస్తుందా రాదా అన్నది తేల్చగలిగేది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వీఎస్ఎంఎస్ ఇప్పటికీ వయసును వయసుతో భాగించే పాత పద్ధతిలోనే లెక్కిస్తుంది. వెక్స్లర్ 1939లో వదిలేసిన లెక్క అది. అమెరికాలో వైన్‌ల్యాండ్ పరీక్షను 1984లో పోలిక పద్ధతికి మార్చారు. 2016లో మూడో ఎడిషన్ కూడా వచ్చింది.

పాత పరీక్షలు వాడుతున్నారని ఆసుపత్రుల్లోని సైకాలజిస్టులను తప్పుపట్టడం అన్యాయం. అవి చవక, ఎన్నో భాషల్లో అలవాటైనవి, ప్రభుత్వ నిబంధనల్లో పేరు పెట్టి రాసినవి. విస్క్, వైస్ నాలుగో ఎడిషన్లు భారతీయ నార్మ్స్‌తో వచ్చినా, వాటి కిట్లు, ఫారాలు రోజుకు పదుల మంది వచ్చే సర్కారు ఓపీకి భారం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్యమున్నవారి జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ వంటివి ప్రభుత్వ ఖర్చుతో నార్మ్స్ తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టడం ఈ భారానికి సూటైన పరిష్కారం.

తెలుగు అంకెల లెక్క

అనువాదం చేస్తే సరిపోతుంది కదా అన్నది సహజమైన ప్రశ్న. ఒక చిన్న ఉదాహరణ చాలు. దాదాపు ప్రతి ఐక్యూ పరీక్షలోనూ కొన్ని అంకెలు వినిపించి తిరిగి చెప్పమనే భాగం ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒకటి నుంచి తొమ్మిది వరకు చెబితే మొత్తం 10 అక్షరధ్వనులు. తెలుగులో ఒకటి, రెండు, మూడు అంటూ తొమ్మిది దాకా వెళితే 23. మనసులో అంకెలను పట్టి ఉంచడం వాటిని పలికే సమయం మీద ఆధారపడుతుంది. వేల్స్ పిల్లలకు ఇంగ్లిష్ పిల్లల కంటే ఈ భాగంలో తక్కువ మార్కులు రావడానికి వెల్ష్ అంకెల పొడవే కారణమని 1980లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం చూపించింది. ఆ పిల్లల జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు.

కాబట్టి తెలుగులో అడిగి, ఇంగ్లిష్ పిల్లల పట్టికతో పోల్చితే తప్పు జరిగే అవకాశం ఎక్కువ. ఇంగ్లిష్ మీడియంలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడిని ఏ భాషలో అడగాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో అది తలకిందులుగా ఎదురవుతుంది.

మొదట్లో చెప్పిన రెండు రిపోర్టుల తేడా చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఒకటి మిసిక్ అయి, రెండోది విస్క్ నాలుగో ఎడిషన్ అయితే, ఆ పిల్లవాడిని దశాబ్దాల ఎడంతో ఉన్న రెండు వేర్వేరు గుంపులతో పోల్చారన్నమాట. పైగా ఒకే పరీక్షలోనూ వెక్స్లర్ స్కోరుకు సుమారు 5 పాయింట్లు అటూ ఇటూ ఉండే పరిధి సహజం. పరీక్ష పేరు, ఎడిషన్, నార్మ్స్ ఏ దేశానివి, ఏ భాషలో అడిగారు, ఆ పరిధి ఎంత అన్నవి రిపోర్టులో రాసి ఉండాలి. లేకపోతే సైకాలజిస్టును అడిగి రాయించుకోవచ్చు.